పింగళ నామ సంవత్సరంలో బస్రా వెళ్ళిన మనిషి

గజపతి జిల్లాలో పర్లాకిమిడికి దగ్గరలోని ఒక గ్రామం నుండి యాభై రెండేళ్ళ ఉపాధ్యాయురాలు ఒకరు ఆరు పేజీల ఉత్తరం రాశారు. పేరు, ఊరు వేయవద్దని కోరారు. ఆమె పాఠం చెప్పేది ఒడియా బడిలో. ఉత్తరం మాత్రం గుండ్రటి తెలుగు అక్షరాలతో, ఎక్కడా కొట్టివేత లేకుండా ఉంది. అందులోని సంగతి ఇది.

ఆమె ముత్తాత, అంటే తండ్రికి తాత, మొదటి ప్రపంచ యుద్ధకాలంలో పట్టాళంలో చేరి, ఇప్పటి ఇరాక్‌లో ఉన్న బస్రా వెళ్ళారు. "పింగళలో వెళ్ళాడు, రెండు ఉగాదుల దాకా కబుర్లు వచ్చాయి, ఆ తరువాత లేవు" అని ఆయన భార్య చెబుతూ ఉండేవారట. ఇంట్లో అందరూ ఆవిడను తాతమ్మ అనే అంటారు. చిన్న రైలు ఎక్కి నౌపడా వెళ్ళి, అక్కడ పెద్ద రైలు పట్టుకున్నాడన్నంత వరకే తాతమ్మకు తెలుసు. ఆవిడ 1961లో పోయేవరకు బొట్టు చెరపలేదు, గాజులు తీయలేదు, పుణ్యస్త్రీగానే సాగనంపారు. ఉత్తరం రాసినావిడ తండ్రికి ఇప్పుడు ఎనభై ఏళ్ళు. చూపు మందగించింది, జ్ఞాపకం అప్పుడప్పుడు తప్పుతోంది. తాను పోయేలోగా తాత సమాధి ఎక్కడుందో కనుక్కోవాలని, అక్కడి మట్టి ఒక పిడికెడు తెప్పించి మహేంద్రతనయలో కలపాలని, తాత తిథి ఏదో తెలుసుకొని ఒక్కసారైనా ఆబ్దికం పెట్టాలని ఆయన కోరిక.

ముత్తాత తమ్ముడి సంతతి 1936లో ఒడిశా ఏర్పడినప్పుడు గీసిన సరిహద్దుకు అవతల, పాతపట్నం వైపు ఉన్నారు. ఆయన చనిపోలేదనీ, పట్టాళం నుండి పారిపోయి రంగం, అంటే బర్మాలోని రంగూన్, చేరి అక్కడ మరో సంసారం పెట్టుకున్నాడనీ వారి మాట. చనిపోతే పతకం ఇంటికెలా వస్తుందని వారి వాదన. ఆ పతకం వారి దగ్గరే ఉంది. రాగి రంగు బిళ్ళ, ఒక వైపు రాజు తల, రెండో వైపు గుర్రం మీద బట్టల్లేని మనిషి. అంచు మీద ఇంగ్లీషులో ఒక నంబరు, సగం అరిగిన పేరు, దాని తరువాత "పోర్టర్ కోర్" అన్న అక్షరాలు కనిపించాయని రాశారు.

ఇటు చూస్తే ఆమె పెదనాన్న కొడుకు ఊరి కూడలిలో తుపాకి పట్టిన విగ్రహం పెట్టించడానికి చందాలు మొదలుపెట్టారు. పలక మీద "కూట్ ముట్టడిలో అమరుడైన వీర సిపాయి" అని చెక్కించాలట. (కూట్ బస్రాకు ఎగువన టైగ్రిస్ నది మీది ఊరు, అక్కడ తుర్కులు బ్రిటిష్ వారి సైన్యాన్ని ముట్టడించారు.) టీచరు గనుక ఆమె సంతకంతో ఒక చరిత్ర కాగితం రాసిమ్మంటున్నారు. పతకం అంచు సంగతి ఎత్తవద్దని కూడా అన్నారట.

ఆమె ప్రశ్నలు రెండు: వెతకాలా, వదిలెయ్యాలా? వెతికాక ఆయన పారిపోయినవాడనో, ఒట్టి కూలీ అనో తేలితే నాన్నకు ఏమని చెప్పాలి?

సమాధానం:

అమ్మా, మీ ఉత్తరం రెండుసార్లు చదివాను. మీరు ఒకే మనిషి గురించి రాశారు గానీ, ఆ మనిషిని మీ ఇంట్లో ముగ్గురు మూడు వేర్వేరు విషయాలు అడుగుతున్నారు. మీ నాన్నగారు అడుగుతున్నది తిథి, మట్టి. మీ అన్నయ్య అడుగుతున్నది కీర్తి. పాతపట్నం వారు అడుగుతున్నది, అడుగుతున్నామని వారికే తెలియకపోవచ్చు, ఆయన ఇల్లు వదిలినందుకు సంజాయిషీ. ఏ దస్తావేజూ ఈ మూడింటికీ ఒకేసారి జవాబు చెప్పదు. సైన్యం తన అవసరానికి తగినంతే రాసుకుంది: నంబరు, దళం, ఊరు, తేదీ. ఇది ముందే మనసులో పెట్టుకుంటే దొరికే కాగితం మీద లేనిపోని బరువు పడదు.

ఉత్తరంలో మీరు పెద్దగా పట్టించుకోకుండా నాలుగో పేజీలో రాసిన ఒక వాక్యం దగ్గర నేను ఆగిపోయాను. తాతమ్మ కొన్ని నెలలకొకసారి పర్లాకిమిడి ఖజానాకు వెళ్ళి, వేలిముద్ర వేసి, కొంత డబ్బు తెచ్చుకునేదనీ, పదేళ్ళ వయసులో మీ నాన్నగారు ఆమె వేలు పట్టుకొని వెళ్ళేవారనీ, తిరుగుదారిలో జీళ్ళు కొనిపెట్టేదనీ, ఆ డబ్బు జమీందారు గారి దయ అని ఇంట్లో నమ్మకమనీ రాశారు. నాన్నగారికి ఇప్పుడు ఎనభై అంటే ఆ పదేళ్ళ వయసు 1955 ప్రాంతం. ఒడిశాలో జమీందారీల రద్దు చట్టం 1951 నాటిది. జమీందారీయే పోయిన తరువాత జమీందారు దయ సర్కారు ఖజానాలో వేలిముద్ర మీద ఎలా వస్తుంది? నాకు తోచే కారణం ఒక్కటే, అది సైనికుని భార్యకు ఇచ్చే కుటుంబ పింఛను. సేవలో ఉండగా మనిషి చనిపోయాడని ప్రభుత్వం లెక్క తేల్చుకున్నాకే అలాంటి పింఛను మంజూరవుతుంది. అంటే పారిపోయాడన్న మాటకు ప్రభుత్వమే తన డబ్బుతో జవాబు చెప్పినట్టు. ప్రభుత్వం చనిపోయాడని నమ్మడం, మనిషి నిజంగా చనిపోవడం ఒకటే కాదని మీరనవచ్చు. కనబడకుండా పోయినవారిని కూడా కొంతకాలానికి మృతులుగా రాసుకునేవారు. అయినా బస్తాల కొద్దీ ఊహాగానాల కంటే ఈ ఒక్క వేలిముద్ర బరువైనది.

ఇది నిజమైతే దాని వెనుక మరొక సంగతి ఉంది, మీరు దానికి సిద్ధపడాలి. పింఛను పుచ్చుకునే వితంతువు మళ్ళీ పెళ్ళి చేసుకోలేదని, బతికే ఉందని ఎప్పటికప్పుడు రుజువు చూపాలి. అంటే ఖజానా గుమాస్తా ఎవరో ఒకరు ఏటా ఆమె ముఖం మీదే "ఫలానావాని వితంతువు" అని చదివి ఉంటారు. తాతమ్మకు తెలియకుండా ఉండే అవకాశం చాలా తక్కువ. తెలిసే బొట్టు పెట్టుకున్నారు. దీని గురించి కింద మళ్ళీ చెబుతాను.

ఇక పతకం. మీరు వర్ణించినది బ్రిటిష్ వార్ మెడల్; గుర్రం మీది మనిషి వారి సెయింట్ జార్జి. ఆయుధం పట్టినవారికి అది వెండితో, కూలి దళాలకు, పరిచర్య సిబ్బందికి కంచుతో ఇచ్చారు. మీ ఇంటిది కంచుది, అంచు మీద పోర్టర్ కోర్ అనే ఉంది. రెండూ ఒకదానితో ఒకటి సరిపోతున్నాయి. కాబట్టి ఆయన సిపాయి కాదు, సైన్యపు బరువులు మోసినవాడు. ఇందులో చిన్నతనమేమిటో నాకు అర్థం కాదు. 1919 చివరి వరకు భారతదేశం నుండి సైన్యంలోకి తీసుకున్న 14,40,437 మందిలో 5,63,369 మంది ఆయుధం లేనివారే. ఓడ నుండి సరుకు దించినవారు, రైలు కట్ట వేసినవారు, డోలీలో గాయపడినవారిని మోసినవారు, వంటవారు, పాకీవారు, కంచర గాడిదలను నడిపినవారు వారిలో ఉన్నారు. వారు లేకపోతే తుపాకి ఉన్నవాడికి తూటా అందదు, తిండి అందదు. మీ అన్నయ్య దాచమంటున్నది దాచవలసిన విషయం కాదు.

ఒక్క హెచ్చరిక మాత్రం చేయాలి. మెసొపొటేమియాకు, అంటే ఇప్పటి ఇరాక్‌కు, పంపిన పోర్టరు, కూలి దళాలలో కొన్నింటిని 1916 చివరి నుండి మన దేశపు జైళ్ళలో పోగుచేశారు. శిక్ష తగ్గిస్తామని చెప్పి ఖైదీలను ఓడ ఎక్కించారు. అన్ని దళాలూ అలాంటివి కావు, మీ ముత్తాతగారిది అలాంటిదని అనడానికి మీ ఉత్తరంలో ఏ ఆధారమూ లేదు. అయినా దళం సంఖ్య చదివి వెతికినప్పుడు ఆ మాట ఎదురు కావచ్చు. ఎదురైతే అది ఎవరితో పంచుకోవాలో, ఎవరితో వద్దో కాగితం చేతికి రాకముందే నిర్ణయించుకోండి. వచ్చాక నిర్ణయించుకోవడం కష్టం.

పతకం వచ్చింది గనుక బతికే ఉన్నాడన్న పాతపట్నం వారి తర్కం నిలవదు. చనిపోయినవారి పతకాలు వారసులకు అందాయి, బతికినవారివి వారికి అందాయి. అందనిది పారిపోయినవారికి, పట్టాళం వదిలి పారిపోతే పతకం హక్కు పోతుంది. అందుచేత ఆ బిళ్ళ మీ ఇంటికి రావడం వారి కథకు సాక్ష్యం కాదు, ఎదురు సాక్ష్యం. ఒప్పందం గడువు తీరి, సెలవు పుచ్చుకొని, ఓడ దిగాక ఇంటికి రాకుండా రంగం వెళ్ళాడని ఇంకా అనవచ్చు. గంజాం వైపు నుండి ఆ రోజుల్లో రంగం వెళ్ళడం పొరుగూరు వెళ్ళినంత మామూలు సంగతి. వెళ్ళి తిరిగి రానివారి కథ లేని ఇల్లు ఆ ప్రాంతంలో అరుదు. తిరిగి రాని ప్రతివాడినీ రంగంలో కాపురం పెట్టించడం మన పెద్దల అలవాటు కూడా. కానీ ఆ దారిన వెళ్ళినవాని భార్యకు ఖజానా డబ్బు ఇవ్వదు.

తాతమ్మ చెప్పిన "పింగళ" చాలా విలువైన మాట. పింగళ నామ సంవత్సరం 1917 మార్చిలో ఉగాదితో మొదలైంది. కూట్‌లో చిక్కుకున్న సైన్యం లొంగిపోయినది 1916 ఏప్రిల్ 29న. బ్రిటిష్ వారు కూట్‌ను తిరిగి పట్టుకొని, 1917 మార్చి 11న బాగ్దాదులో అడుగుపెట్టిన తరువాతే మీ ముత్తాతగారు ఇల్లు కదిలారు. ఆయన కూట్ ముట్టడిలో చనిపోయే వీలే లేదు. మీ తాతగారి స్కూలు సర్టిఫికెట్‌లో పుట్టిన సంవత్సరం 1916 అని ఉన్నదన్నారు. ఆ తేదీలు బడిపంతుళ్ళు అంచనాగా వేసినవి గనుక నేను వాటిని పట్టుకోను, కానీ సంవత్సరం పేరును చదువురాని ఆడవారు తప్పు చెప్పడం నేను తక్కువగా చూశాను. పింగళ తరువాత వచ్చిన ఉగాదులు రెండు, కాళయుక్తి, సిద్ధార్థి. కబురు ఆగింది 1919లో అన్నమాట. 1918 అక్టోబరు 30న తుర్కులతో సంధి కుదిరి అక్కడ యుద్ధం ఆగింది గదా, ఆ తరువాత చనిపోవడమేమిటని ఎవరైనా అడగవచ్చు. కూలి దళాలను చాలాకాలం అక్కడే ఉంచి రేవులూ, రైలు దారులూ చేయించారు. ఎండదెబ్బ, కలరా, నెత్తురు విరేచనాలు, 1918లో లోకమంతా వచ్చిన ఇన్‌ఫ్లుయెంజా, వీటికి సంధి పత్రంతో పని లేదు. (బస్రా అంటే బాసర అనుకొని మీ మేనల్లుడు సరస్వతి గుడిలో విచారిస్తానన్నాడని రాశారు. నవ్వాను, కానీ పిల్లవాడు వెతుకుదామనుకున్నాడు, అది చాలు.)

వెతకదలిస్తే మొదట తలుపు తట్టవలసినది యుద్ధ మృతుల సమాధులను, స్మారకాలను చూసే సంస్థ కామన్వెల్త్ వార్ గ్రేవ్స్ కమిషన్ వెబ్‌సైట్. 1914 ఆగస్టు 4 నుండి 1921 ఆగస్టు 31 వరకు సేవలో మరణించినవారి పట్టిక అందులో ఉంది, వెతకడానికి డబ్బు కట్టనక్కరలేదు. మీరు ఇప్పటికే చూశారనీ, పేరు దొరకలేదనీ రాశారు. పేరుతో వెతికితే దొరకదు. ఎక్కడో మదరాసు రాజధాని (ప్రెసిడెన్సీ) రేవులో, తెలుగు రాని గుమాస్తా చెవికి వినబడినట్టు రాసిన పేరది. అప్పలస్వామి అప్పల్‌సామి అవుతాడు, ఎర్రన్న యెర్నా అవుతాడు, ఇంటిపేరు ఒక్కోసారి అసలు ఉండదు. పేరును వదిలేసి ఊళ్ళతో వెతకండి. అదనపు వివరాల గడిలో తండ్రి పేరు, గ్రామం, జిల్లా ఉంటాయి. అప్పుడు మీ ఊరు గంజాం జిల్లా, మదరాసు. పర్లాకిమిడిని నాలుగైదు రకాల ఇంగ్లీషు స్పెల్లింగులతో, గంజాంను రెండు మూడు రకాలతో ప్రయత్నించండి, మరణ సంవత్సరం 1918 నుండి 1921 వరకు పెట్టండి, దళం దగ్గర పోర్టర్, లేబర్ అన్న మాటలు వాడండి. నంబరు కలిస్తే ఇక సందేహం లేదు. నంబరు కలవకుండా ఊరు, తండ్రి పేరు కలిస్తే దాదాపుగా ఆయనే.

దొరికితే మీకు మరణ తేదీ వస్తుంది. ఎలా చనిపోయారన్నది సాధారణంగా రాదు. దొరకకపోతే దాని అర్థం ఆయన చనిపోలేదని కాదు. ఆసియా, ఆఫ్రికాల నుండి వచ్చిన 45 వేల నుండి 54 వేల మందిని మిగిలినవారితో సమానంగా స్మరించలేదని 2021లో కమిషనే తన నివేదికలో ఒప్పుకుంది. అసలు పేరే ఎక్కనివారు అంతకంటే ఎక్కువ మంది, వారిలో ఆఫ్రికా, ఈజిప్టు కూలీలే అధికం. సేవకూ మరణానికీ ఆధారాలు చూపితే ఇప్పటికీ కొత్త పేర్లు చేరుస్తారు. ఆ ఆధారం మీకు ఖజానా నుండి రావచ్చు.

ఖజానా దారి ఎక్కువ కష్టం, ఎక్కువ ఫలం. మీ ఊరి కాగితాలు మూడు సరిహద్దుల మధ్య నలిగాయి. 1936 ఏప్రిల్ 1 వరకు మీరు మదరాసు రాజధానిలోని గంజాం జిల్లా. ఆ తరువాత ఒడిశాలోని గంజాం జిల్లా. 1992 అక్టోబరు 2 నుండి గజపతి జిల్లా. కాబట్టి 1917 నాటి సైన్య భర్తీ ఉత్తర్వులు, యుద్ధకాలపు రెవెన్యూ ఫైళ్ళు చెన్నై ఎగ్మూరులోని తమిళనాడు రాష్ట్ర పత్రాగారంలోనూ, 1936 తరువాతివి భువనేశ్వర్‌లోని ఒడిశా పత్రాగారంలోనూ, పింఛను చెల్లింపు రిజిస్టర్లు మిగిలి ఉంటే మీ జిల్లా ఖజానాలోనో ఛత్రపురం కలెక్టరు కచేరిలోనో వెతకాలి. సైనిక పింఛన్ల లెక్కలు చూసే కేంద్ర కార్యాలయం ప్రయాగ్‌రాజ్‌లో ఉంది. సమాచార హక్కు చట్టం కింద పది రూపాయల రుసుముతో అక్కడికి ఒక దరఖాస్తు పంపండి. తాతమ్మ పేరు, భర్త పేరు, చెల్లించిన ఖజానా, ఆమె మరణించిన సంవత్సరం నాలుగూ రాసి, "1961లో ఆగిపోయిన కుటుంబ పింఛను మంజూరు ఉత్తర్వు నకలు" అని స్పష్టంగా అడగండి. "మా ముత్తాత వివరాలు కావాలి" అని అడిగితే ఏ కార్యాలయమైనా లేవనే అంటుంది. ముప్పై రోజులలో జవాబు ఇవ్వాలి. జవాబు "రికార్డు నశించింది" అని రావడానికి చాలా అవకాశం ఉంది. ఆ జవాబును కూడా దాచండి.

ఇంతకంటే ముందు మీ ఇంటి పెట్టెలు, పాతపట్నం వారి పెట్టెలు చూడండి. పింఛను పుస్తకం అంటే చాలామంది ఆడవారు ప్రాణంలా దాచుకునేవారు. అలాగే జానెడు వెడల్పుకు తక్కువగా, గుండ్రంగా, సింహమూ ఒక దేవత బొమ్మా ఉన్న కంచు పలక ఎక్కడైనా ఉందేమో అడగండి. అది సేవలో మరణించినవారి కుటుంబాలకు మాత్రమే ఇచ్చినది. ఉంటే రంగం కథ ఆ పూటతో ముగుస్తుంది. లేకపోతే ఏమీ తేలదు. మదరాసు రాజధానిలోని చాలా ఊళ్ళలో "ఈ గ్రామం నుండి ఇంతమంది యుద్ధానికి వెళ్ళారు, వారిలో ఇంతమంది ప్రాణాలు ఇచ్చారు" అని ఇంగ్లీషులో చెక్కిన చిన్న పాలరాతి పలకలు పెట్టారు. పేర్లుండవు, అంకెలే ఉంటాయి. పాత బడి గోడకో, చావడికో సున్నం కింద ఉండవచ్చు, ఒకసారి గోకి చూడండి.

దళం యుద్ధ దినచర్యలు (వార్ డైరీలు) లండన్‌లోని నేషనల్ ఆర్కైవ్స్‌లో ఉన్నాయి, మెసొపొటేమియావి చాలావరకు డబ్బు కట్టి దించుకోవచ్చు. వాటిలో ఆఫీసర్ల పేర్లుంటాయి, కూలీ పేరు ఉండదు. దళం ఏ రోజున ఎక్కడుందో మాత్రం తెలుస్తుంది. మరణ తేదీ దొరికాక అయితేనే ఆ ఖర్చు పెట్టండి. ఇటీవల పేపర్లలో వచ్చిన మూడు లక్షల పైచిలుకు సైనికుల రిజిస్టర్లు లాహోరులో దొరికినవి, అవి పంజాబు జిల్లాలవి. వాటిలో మనవారిని వెతికి అలసిపోవద్దు. ఢిల్లీ ఇండియా గేటు మీద ఉన్న పదమూడు వేల పైచిలుకు పేర్లు కూడా ప్రధానంగా వాయవ్య సరిహద్దులో, 1919 అఫ్ఘన్ యుద్ధంలో పోయినవారివి.

ఇప్పుడు సమాధి మాట. ఇది చెప్పడం నాకు ఇష్టం లేదు గానీ చెప్పక తప్పదు: పిడికెడు మట్టి దొరకదు. హిందువులను వీలైనచోట దహనం చేశారు, వీలుకానిచోట పూడ్చారు, ఎవరిని ఎక్కడ అన్నది సరిగా రాసుకోలేదు. టైగ్రిస్ ఒడ్డున అమారాలో భారతీయ సైనికుల శ్మశానం ఒకటి ఉంది. అక్కడ దాదాపు 5 వేల మందిని స్మరిస్తారు, వారిలో ఎవరెవరో తెలిసినవారు తొమ్మిది మంది. సమాధి లేనివారికి బస్రా స్మారకం ఉంది, 1929లో ఆవిష్కరించారు. 40 వేల పైచిలుకు మందికి అది గుర్తు. కానీ దాని పలకల మీద బ్రిటిష్ వారి పేర్లు, భారతీయ ఆఫీసర్ల పేర్లు చెక్కారు. మామూలు సిపాయిలకూ కూలీలకూ దళం పేరు కింద ఒక అంకె మాత్రమే వేశారు. పేర్లు రిజిస్టరులోకి వెళ్ళాయి. ఆ స్మారకాన్ని 1997లో ఇరాక్ ప్రభుత్వం మొత్తంగా పీకి, బస్రా నుండి నాసిరియా వెళ్ళే దారిలో 32 కిలోమీటర్ల అవతల ఎడారిలో తిరిగి నిలబెట్టింది. అక్కడికి మనిషిని పంపి మట్టి తెప్పించినా అది ఆయన బూడిద కలిసిన మట్టి కాదు.

మీ నాన్నగారికి ఎలా చెప్పాలని అడిగారు. నాకు మూడు మార్గాలు కనిపిస్తున్నాయి. మొదటిది, ఏమీ వెతకకుండా, ఈ ఏడాదే మహాలయ అమావాస్యనాడు ఆయన చేత తర్పణం విడిపించడం. తిథి తెలియనివారికి ఆ రోజు ఉండనే ఉంది, మీ పురోహితుని అడగండి. సైన్యం కాగితం లేకుండా పితృకార్యం ఆగదు. దీనివల్ల నాన్నగారికి వెంటనే కొంత ఊరట. ప్రశ్న మాత్రం మీ దగ్గరే ఉండిపోతుంది, ఆయన తరువాత మీరు దాన్ని మోయాలి. రెండవది, వెతికి, తేదీ దొరికాకే కార్యం చేయడం. కాళయుక్తి, సిద్ధార్థి సంవత్సరాల పంచాంగంతో ఇంగ్లీషు తేదీకి తిథి కట్టడం కష్టం కాదు. కానీ కార్యాలయాల జవాబుల కోసం ఎనభై ఏళ్ళ మనిషి ఎదురు చూడాలి, చూడగలరో లేదో మీకే తెలుసు. మూడవది, ఈ రెంటినీ కలపడం: అమావాస్య కార్యం ఇప్పుడు, వెతుకులాట పక్కన. తేదీ దొరికితే మరోసారి పెట్టవచ్చు. రెండుసార్లు పెట్టిన పిండం ఎవరికీ చేటు చేయదు. మీ స్థానంలో నేనుంటే మూడవదాని వైపు మొగ్గుతాను, కానీ నాన్నగారి ఓపిక కొలత నా దగ్గర లేదు.

మట్టి దొరకదన్న మాట ఆయనకు ఒకేసారి చెప్పవద్దు. "అక్కడ అందరినీ కలిపి ఒక్కచోట స్మరిస్తారట నాన్నా, తాత కూడా ఆ లెక్కలోనే ఉండి ఉంటాడు" అన్నది అబద్ధం కాదు.

మీరు ఎక్కువగా భయపడుతున్నది మరొకదానికి. ఆయన 1919లోనే పోయాడని తేలితే, తాతమ్మ నలభై ఏళ్ళు తప్పుగా బొట్టు పెట్టుకున్నట్టవుతుందని, అది వంశానికి అరిష్టమని నాన్నగారు కుమిలిపోతారని రాశారు. ఖజానా సంగతి నేను చెప్పినట్టే అయితే ఆవిడ తెలియక పొరపడలేదు. శవాన్ని చూడలేదు, బూడిద చూడలేదు, కబురు ఒక పరాయి గుమాస్తా నోట వచ్చింది. డబ్బు తీసుకున్నది, ఆ డబ్బుతో మీ తాతను పెంచింది, బొట్టు మాత్రం వారికి ఇవ్వలేదు. ఆవిడ దహనం నాడు పసుపు కుంకుమలు పెట్టిన ఊరి ఆడవారికి ఖజానా సంగతి తెలియదనుకోవడం కష్టం. ఊళ్ళో అలాంటివి దాగవు. వారు అభ్యంతరం చెప్పలేదు. అరవై ఏళ్ళు దాటాక మీరూ నేనూ దాన్ని సరిదిద్దవలసిన పని లేదు. నాన్నగారికి ఈ సంగతి చెప్పే ముందు ఆ జీళ్ళ రోజుల గురించి ఆయన చేత మాట్లాడించండి. ఖజానాలో ఏమని పిలిచేవారు, ఆవిడ ముఖం ఎలా ఉండేది, ఎవరు చదివి వినిపించేవారు? నాకు అనుమానం, ఆయనకు ఎప్పటి నుండో సగం తెలుసు.

విగ్రహం విషయంలో మీకు దారులు తక్కువ. మీ అన్నయ్య కోరిన కాగితం మీద సంతకం చేస్తే ఇంట్లో శాంతి దొరుకుతుంది, కొంతకాలం. కూట్ అన్న మాట రాతి మీద ఉంటే, ఫోను పట్టుకున్న మీ ఎనిమిదో తరగతి పిల్లవాడు పది నిమిషాలలో తప్పు పట్టగలడు. పాతపట్నం వారు అంతకంటే ముందే పడతారు, పతకం వారి చేతిలోనే ఉంది గదా. టీచరు సంతకం దాని కింద ఉంటుంది. సంతకం చేయనని ముఖాన చెబితే అన్నాచెల్లెళ్ళ మధ్య మాట పోతుంది, విగ్రహం ఎలాగూ లేస్తుంది. మధ్యేమార్గం ఒకటి ఉంది: కాగితం మీరే రాసివ్వండి, కానీ తెలిసినదే రాయండి. "ఈ గ్రామం నుండి పింగళ నామ సంవత్సరంలో, 1917లో, మెసొపొటేమియాకు పోర్టర్ కోర్‌లో వెళ్ళి తిరిగిరాని ఫలానావారు" అంటే అందులో కొట్టివేయవలసిన అక్షరం ఉండదు. తుపాకి సంగతి ఆయన ఇష్టం, చందాలు ఆయనవి. అయితే భుజాన మూట ఉన్న మనిషి విగ్రహం ఆ జిల్లాలో ఇంకెక్కడా ఉండదని మాత్రం చెప్పి చూడండి, కొత్తదనం కోసమైనా ఒప్పుకోవచ్చు. మీ అన్నయ్య తాను సైన్యంలో చేయలేదని, ఇదంతా ఊళ్ళో పేరు కోసం చేస్తున్నాడని మీరు కొంచెం కోపంగా రాశారు. పేరు కోసమే కావచ్చు. ముత్తాత పేరు పట్టుకున్న మొదటివాడు కూడా ఆయనే.

పాతపట్నం వారితో తగువు పెట్టుకోవద్దు. మీకు కావలసిన నంబరు వారి ఇంట్లో ఉంది. రంగం కథ తప్పని నిరూపించడానికి వచ్చానని కాకుండా, పతకం అంచు చదవాలని వచ్చానని చెప్పండి. దసరాకో, ఆయుధపూజకో ఆ ఇంటి పిన్నిగారు ఆ బిళ్ళను కూడా గిన్నెలతో పాటు చింతపండు పెట్టి తోముతారని రాశారు, అక్షరాలు అరిగినది అందుకే. ముందు ఆ పని ఆపించండి. పొడిగుడ్డతో తుడిచి, చాక్‌పీసు పొడి వేలితో అంచుకు పల్చగా రాసి, టార్చి వెలుతురు పక్కనుండి ఏటవాలుగా పడేలా పట్టుకొని, బిళ్ళను కొంచెం కొంచెం తిప్పుతూ పది పన్నెండు ఫొటోలు తీయండి. అరిగిన అంకె కూడా నీడలో కొంత తేలుతుంది. 3, 8, 6 ఒకదానికొకటి పోలి ఉంటాయి, కాబట్టి చదివిన నంబరు ఒక్కటే కాకుండా కావచ్చునన్న నంబర్లన్నీ రాసుకోండి. పోర్టర్ కోర్ ముందు ఒక చిన్న అంకె ఉండి ఉండాలి, అది దళం సంఖ్య. పేరు కంటే ముందు దాన్ని చదవండి. చదివాక ఆ ఫొటోలు నాకు పంపండి, కలిసి చూద్దాం.